చివరి స్థానంలో కూర్చున్న ఛాంపియన్

ఓడిపోతామని తెలిసీ ఆటకు కూర్చోవడం మనలో ఎంతమందికి చేతనవుతుంది? అదీ ఒక్కసారి కాదు, ఏళ్ళ తరబడి! ఇంకోచోట మనకు ఎదురే లేదనీ, అక్కడ కూర్చుంటే ప్రతిసారీ గెలుపు మనదేననీ తెలిసి కూడా ఓడే చోటికే వెళ్ళి కూర్చోవాలంటే ఎంత గుండె కావాలి!

వెరా మెంచిక్ అలా కూర్చుంది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా చదరంగం ఛాంపియన్ ఆమె. 1927 నుంచి 1944లో చనిపోయేదాకా ఆ పట్టం ఆమెదే. ఆ కాలంలో ప్రపంచ మహిళా పోటీలు ఏడుసార్లు జరిగితే ఏడుసార్లూ ఆమే గెలిచింది. ఇన్ని గెలిచిన మనిషి గురించి చెబుతూ ఓటమితో మొదలుపెట్టిందేమిటీ అనుకుంటున్నారు కదూ? ఆమె జీవితం గురించి చదివినకొద్దీ ఆ ఏడు గెలుపులకన్నా, మగవాళ్ళ మధ్య ఆడి తెచ్చుకున్న చివరి స్థానాలే నాకు ఎక్కువ నచ్చాయి. ఎందుకో చెబుతాను.

మాటలు అక్కర్లేని ఆట

వెరా 1906 ఫిబ్రవరి 16న మాస్కోలో పుట్టింది. తండ్రి చెక్ జాతీయుడు, తల్లి ఇంగ్లీషావిడ. వెరా తర్వాత ఇంకో ఆడపిల్ల. ఆ పిల్లకి తల్లి పేరే పెట్టుకున్నారు, ఓల్గా అని. తండ్రికి ఒక మిల్లు ఉండేది. జరుగుబాటుకు లోటులేని సంసారం. వెరాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఒక చదరంగం కొనిచ్చాడు. ఏ బొమ్మో కొనివ్వకుండా ఆడపిల్లకి చదరంగం ఏమిటని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు కాబోలు!

అంతలో 1917 వచ్చింది. విప్లవం తర్వాత మిల్లు చేజారింది. ఉన్న ఇంట్లోనే వేరేవాళ్ళతో సర్దుకు బతకాల్సి వచ్చింది. ఆ ఇబ్బందుల్లోనే, పద్నాలుగేళ్ళ వయసులో వెరా బడిలో పెట్టిన చదరంగం పోటీలో ఆడింది. 1921లో కుటుంబం రష్యా వదిలిపెట్టింది. తండ్రి తన దేశంలో ఉండిపోయాడు. తల్లి ఇద్దరు కూతుళ్ళనీ వెంటబెట్టుకుని ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న హేస్టింగ్స్ ఊళ్ళో, తన తల్లి దగ్గరకు చేరింది. మన మాటల్లో చెప్పాలంటే, పిల్లలతో పుట్టింటికి వచ్చేసింది.

పదిహేనేళ్ళ పిల్ల. కొత్త ఊరు, కొత్త మనుషులు. ఇంగ్లీషు అంతంతమాత్రం. భాష రాని చోట నలుగురి మధ్యా నోరు విప్పలేని బాధ ఎలాంటిదో మనలో చాలామందికి తెలుసు. మావారి బదిలీల పుణ్యమాని తెలుగు వినపడని ఊళ్ళో రెండేళ్ళున్నాను. కూరగాయల బండి దగ్గర వేళ్ళు చూపించే బేరమాడేదాన్ని! వెరాకు అలాంటి రోజుల్లో చదరంగం అక్కరకొచ్చింది. ఆ బల్ల దగ్గర మాటలతో పనిలేదు. గుర్రం ఏ దేశంలోనైనా రెండున్నర గళ్ళే దూకుతుంది, బంటు ఎక్కడైనా వెనక్కి నడవదు. 1923లో ఆమె హేస్టింగ్స్ చెస్ క్లబ్బులో చేరింది.

అక్కడ మంచి గురువు దొరికాడు. హంగరీకి చెందిన గేజా మారోత్సీ. ఆ కాలపు మేటి ఆటగాళ్ళలో ఒకాయన. తొందరపడి మీదకు దూకకుండా, ముందు తన కోటను గట్టిచేసుకుని, ఎదుటివాడు పొరపాటు చేసేదాకా నిబ్బరంగా కాచుకుని ఉండే ఆట ఆయనది. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఎత్తుగడ ఆయనకు ఇష్టం. వెరాకూ అదే అబ్బింది. పులుసు సన్నని సెగమీద మరిగితేనే రుచి అని మన పెద్దవాళ్ళు అనేవారే, అలాంటి ఓపికన్నమాట! 1925లో అప్పటి ఇంగ్లండు మహిళా ఆటగాళ్ళలో మేటి అయిన ఎడిత్ ప్రైస్‌తో రెండు మ్యాచ్‌లు ఆడి, రెండింట్లోనూ నెగ్గింది. మరుసటి ఏడాది బ్రిటిష్ బాలికల పోటీలో మొదటి స్థానం ఆమెదే.

ఏడుకు ఏడు

1927లో ప్రపంచ చదరంగ సమాఖ్య లండన్‌లో మొదటి ఒలింపియాడ్ పెట్టింది. వివిధ దేశాల మగవాళ్ళ జట్లు వచ్చాయి. దాని పక్కనే మొదటిసారిగా ఆడవాళ్ళకీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టారు. పన్నెండుమంది పోటీ. వెరా పదకొండు ఆటలాడి పది గెలిచింది, ఒకటి డ్రా. అప్పటికి ఆమెకు 21 ఏళ్ళు.

తర్వాత 1930లో హాంబర్గ్, 1931లో ప్రేగ్, 1933లో ఫోక్‌స్టన్, 1935లో వార్సా, 1937లో స్టాక్‌హోమ్, 1939లో బ్యూనస్ ఏర్స్. ఊరు మారింది గానీ విజేత మారలేదు. ప్రేగ్‌లో ఆడిన ఎనిమిదీ గెలిచింది. ఫోక్‌స్టన్‌లో పద్నాలుగుకు పద్నాలుగు. వార్సాలో తొమ్మిదికి తొమ్మిది. స్టాక్‌హోమ్‌లో మళ్ళీ పద్నాలుగుకు పద్నాలుగు! ఏడు పోటీల్లోనూ కలిపి 83 ఆటలాడితే 78 గెలుపులు, నాలుగు డ్రాలు. ఓడింది ఒక్కటంటే ఒక్కటి, హాంబర్గ్‌లో వాలీ హెన్షెల్ చేతిలో.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఆమెది నల్లేరు మీద బండి నడక. ఏ రెండేళ్ళకో ఒకసారి వెళ్ళి, గెలిచి, కప్పు పట్టుకుని ఇంటికొచ్చి, అందరూ మెచ్చుకుంటుంటే హాయిగా ఉండొచ్చు. కానీ వెరాకు అది చాల్లేదు. ఆమెకు ఆట కావాలి. అప్పట్లో పెద్ద ఆట ఉన్నది మగవాళ్ళ బల్లల దగ్గర.

నవ్వినవాళ్ళ క్లబ్బు

మా తాతగారింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధరుగు మీద చదరంగం పరిచేవారు. ఆడపిల్లలం మేము లోపల వామనగుంటలో, అష్టాచెమ్మానో ఆడుకునేవాళ్ళం. మజ్జిగ గ్లాసులు ఇచ్చిరావడానికి మాత్రమే అరుగు మీదకు వెళ్ళేది. ఓ పది నిమిషాలు నిలబడి చూసి, ఆ బంటు జరపొచ్చు కదా అన్నామా, అందరూ గొల్లున నవ్వేవారు. ఆ నవ్వులో కోపముండదు, తిట్టుండదు. అందుకే దానికి ఎదురుచెప్పడమూ కుదరదు.

ఆ నవ్వే వెరాకూ ఎదురైంది, చాలా పెద్ద అరుగు మీద. 1929లో కార్ల్స్‌బాడ్‌లో పెద్ద అంతర్జాతీయ పోటీ జరిగింది. ఇరవై ఇద్దరు ఆటగాళ్ళు. అందులో ఆడది వెరా ఒక్కతే. ఆమెను పిలవడమేమిటని వియన్నా ఆటగాడు ఆల్బర్ట్ బెకర్‌కు వేళాకోళంగా తోచింది. ఈమె చేతిలో ఓడినవాళ్ళందరినీ వెరా మెంచిక్ క్లబ్బులో సభ్యులుగా చేరుద్దామని తోటివాళ్ళతో అన్నాడు. అందరూ నవ్వుకున్నారు.

ఆ క్లబ్బులో మొట్టమొదటి సభ్యుడు ఎవరయ్యారో తెలుసా? ఆల్బర్ట్ బెకరే!

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. ఆగితే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పోటీలో తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. బెకర్‌ని, జెమిష్ అనే ఇంకో ఆటగాడిని గెలిచిన వెరా మిగతా ఆటల్లో చాలావాటిలో ఓడిపోయింది. ఇరవై ఒక్క ఆటల్లో ఆమెకు వచ్చింది మూడు పాయింట్లు. ఇరవై ఇద్దరిలో ఇరవై రెండో స్థానం.

ఆలోచించండి. ప్రపంచ ఛాంపియన్ అనిపించుకున్న మనిషి. నవ్వడానికి సిద్ధంగా ఉన్న మనుషులు. చేతిలో చివరి స్థానం. ఏం చెయ్యాలి? ఆ నవ్వులు మనకెందుకులే అని ఆడవాళ్ళ పోటీలకే పరిమితమైతే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. మనమైతే అదే చేద్దుమేమో. వెరా తర్వాతి పోటీకి వెళ్ళింది. దాని తర్వాతి పోటీకీ వెళ్ళింది.

అలా వెళ్ళినందుకే క్లబ్బు పెరిగింది. ఏటా క్రిస్మస్ రోజుల్లో హేస్టింగ్స్‌లో జరిగే పోటీల్లో హాలండు మేధావి మాక్స్ ఎయివేను వరసగా రెండేళ్ళు ఓడించింది. ఆ ఎయివే 1935లో అలెఖిన్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు! ఇంగ్లండు ఆటగాళ్ళలో పెద్దపేరున్న సర్ జార్జ్ థామస్ అయితే ఆమె చేతిలో ఎన్నోసార్లు ఓడాడు. కార్ల్స్‌బాడ్‌కు కొన్ని నెలల ముందే రామ్స్‌గేట్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకాకు అరపాయింటు తేడాలో, రూబిన్‌స్టీన్‌తో సమానంగా రెండో స్థానంలో నిలిచింది. పాఠాలు చెప్పిన మారోత్సీగారు ఆ పోటీలో శిష్యురాలి వెనక ఉన్నారు.

ఈ క్లబ్బులో మన దేశపు మనిషి కూడా ఒకరున్నారు. పంజాబు నుంచి సర్ ఉమర్ హయత్ ఖాన్ వెంట ఇంగ్లండు వెళ్ళి, 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయిన సుల్తాన్ ఖాన్. 1931-32 హేస్టింగ్స్ పోటీలో ఆయన వెరా చేతిలో ఓడాడు. అదే ఉమర్ హయత్ ఖాన్ ఇంట్లో పనిచేసిన ఫాతిమా అనే అమ్మాయి 1933లో బ్రిటిష్ మహిళా ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ పోటీ జరిగిందీ హేస్టింగ్స్‌లోనే. యజమాని స్వదేశానికి మళ్ళాడు, ఆమే తిరిగొచ్చింది. ఆ తర్వాత పెద్ద పోటీల్లో ఫాతిమా పేరు వినపడలేదు. ఆ పిల్ల అక్కడే ఉండి ఆడుతూ ఉంటే వెరాకు ఎలాంటి పోటీ అయ్యేదో! వెరా తన టిక్కెట్టు తాను కొనుక్కోగలిగింది. ఫాతిమా ప్రయాణం ఇంకొకరి చేతుల్లో ఉంది. ఇద్దరి ప్రతిభ సంగతి అలా ఉంచితే, ఈ తేడా ఒక్కటి చాలు కదా జీవితాలు మారిపోవడానికి!

పుట్టిన ఊళ్ళో ఇరవయ్యో స్థానం

1935లో వెరాకు మాస్కో నుంచి పిలుపొచ్చింది. పదిహేనేళ్ళ పిల్లగా వదిలి వెళ్ళిన ఊరు. పద్నాలుగేళ్ళ తర్వాత ప్రపంచ ఛాంపియన్ హోదాలో అడుగుపెట్టింది. బొట్వినిక్, ఫ్లోర్, లాస్కర్, కాపబ్లాంకా... అందరూ హేమాహేమీలే. మొత్తం ఇరవైమంది.

పంతొమ్మిది ఆటలు ఆడింది. ఒక్కటీ గెలవలేదు. మూడు డ్రాలు, పదహారు ఓటములు. ఇరవైమందిలో ఇరవయ్యో స్థానం.

పుట్టింటివాళ్ళ ముందు చిన్నబోవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. పంతొమ్మిది ఆటలంటే రోజుల తరబడి సాగే పోటీ. రోజూ పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, నిన్న ఓడిన హాల్లోకే మళ్ళీ వెళ్ళి, ఎదుటి మనిషికి చెయ్యి కలిపి, గడియారం నొక్కాలి. ఓడాక మళ్ళీ చెయ్యి కలపాలి. మధ్యలో లేచి వెళ్ళిపోలేదు వెరా. పంతొమ్మిదో ఆట దాకా కూర్చుంది.

అదే ఏడాది ఆగస్టులో వార్సాలో ప్రపంచ మహిళా పోటీ జరిగింది. ఇందాక చెప్పుకున్నామే తొమ్మిదికి తొమ్మిది అని, అది ఈ పోటీయే. మాస్కోలో ఓడి ఆర్నెల్లయినా కాలేదు. ఆ ఓటములన్నీ ఊరికే పోయాయంటారా? తనకన్నా గట్టివాళ్ళతో ఆడి దెబ్బలు తిన్న చెయ్యి అది. అందుకే మిగతావాళ్ళకి అందలేదు.

వార్సా పేరు చెబితే ఒక విషాదం కూడా గుర్తొస్తుంది. ఆగ్నెస్ స్టీవెన్సన్ అనే ఆవిడ నాలుగుసార్లు బ్రిటిష్ మహిళా ఛాంపియన్. ఆ పోటీకే బయల్దేరి, దారిలో పోజ్నాన్ విమానాశ్రయంలో దిగి, తిరిగి విమానమెక్కబోతూ తిరుగుతున్న ప్రొపెల్లర్ తగిలి చనిపోయింది. ఆమె భర్త ఆర్.హెచ్.ఎస్. స్టీవెన్సన్ ఇంగ్లండులో చదరంగం పోటీల నిర్వాహకుడు. రెండేళ్ళ తర్వాత, 1937లో వెరా ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయన ఆమెకన్నా 28 ఏళ్ళు పెద్ద. పెళ్ళయ్యాక ఆట మానేసిందా? లేదు. ఆడుతూనే ఉంది, ఆట నేర్పుతూనే ఉంది. ఒకేసారి పాతికమందితో బల్ల బల్లకీ తిరుగుతూ ఆడే ప్రదర్శనలూ, పాఠాలూ ఆమెకు బతుకుతెరువు కూడా.

బాంబుల కింద

వెరాకు దీటుగా నిలబడ్డ ఆడమనిషి సోన్యా గ్రాఫ్, జర్మనీ ఆటగత్తె. 1937లో ఆస్ట్రియాలోని జెమెరింగ్‌లో ఇద్దరికీ ప్రపంచ పట్టం కోసం పదహారు ఆటల మ్యాచ్ జరిగింది. సోన్యా రెండు గెలిచింది, అయిదు డ్రా. మిగతా తొమ్మిదీ వెరావే. 1939లో బ్యూనస్ ఏర్స్‌లో మళ్ళీ ఎదురుపడ్డారు. నాజీ ప్రభుత్వానికి సోన్యా గిట్టదు. ఆమె జర్మనీ పేరు లేకుండా, స్వేచ్ఛ అనే పేరు పెట్టుకుని ఆడింది. వెరా సంగతి చూస్తే, 1927లో రష్యా పేరు మీద, తర్వాత చెకొస్లొవాకియా పేరు మీద, అప్పుడు ఇంగ్లండు పేరు మీద ఆడుతోంది. ఆ బల్లకి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరాడవాళ్ళకీ పుట్టిన దేశం వెనకే ఉండిపోయింది. సోన్యా గెలుపు అంచుకు వచ్చి తడబడింది. వెరా గెలిచింది. ఆ పోటీలు జరుగుతుండగానే, సెప్టెంబరు 1న, యూరప్‌లో యుద్ధం మొదలైంది.

ఆ ఏడాదే లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ వీధిలో ఒక పెద్ద దుకాణం భవనంలో నేషనల్ చెస్ సెంటర్ పెట్టారు. దానికి వెరాను మేనేజరుగా వేశారు. ఏడాది తిరిగేసరికి బాంబుదాడుల్లో ఆ భవనం తగలబడిపోయింది. అయినా ఆడటం మానలేదు. 1942లో జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన యూదు ఆటగాడు జాక్ మీసెస్‌తో పది ఆటల మ్యాచ్ ఆడి గెలిచింది. ఆయనకప్పుడు 77 ఏళ్ళు. బయట బాంబులు పడే ఊళ్ళో ఆ పెద్దాయన, ఈమె ఎదురెదురుగా కూర్చుని పావులు జరుపుకుంటుంటే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

1943లో భర్త పోయాడు. వెరా లండన్‌లోని క్లాఫమ్‌లో తల్లితోనూ చెల్లెలితోనూ ఉండేది. చెల్లెలు ఓల్గా కూడా మంచి ఆటగత్తె, ప్రపంచ పోటీల్లో ఆడిన మనిషి. 1944 జూన్‌లో జర్మనీ వాళ్ళు పైలట్ లేకుండా ఎగిరొచ్చే వి-1 బాంబులు లండన్ మీదకు వదలడం మొదలుపెట్టారు. ఆ నెల చివర ఒక రాత్రి ముగ్గురూ ఇంటి కింది గదిలో తలదాచుకుని ఉండగా బాంబు ఆ ఇంటిమీదే పడింది. తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ ఒకేసారి పోయారు. మాస్కో నుంచి కలిసి బయల్దేరిన ముగ్గురాడవాళ్ళు! వెరాకు 38 ఏళ్ళు. ఆమె గెలుచుకున్న కప్పులూ, పతకాలూ ఆ ఇంటితోపాటే నాశనమైపోయాయి.

కప్పు మీద పేరు

పట్టం ఖాళీ అయింది. దానికోసం మళ్ళీ పోటీ పెట్టడానికి అయిదేళ్ళకు పైగా పట్టింది. 1949-50లో మాస్కోలో జరిగిన ఆ పోటీలో ల్యుద్‌మిలా రుదెంకో గెలిచింది. 1957లో మహిళల చదరంగ ఒలింపియాడ్ మొదలుపెట్టినప్పుడు గెలిచిన జట్టుకిచ్చే కప్పుకు వెరా మెంచిక్ పేరు పెట్టారు. సొంత కప్పులన్నీ పోగొట్టుకున్న మనిషి పేరు ఒక కప్పుకి మిగిలింది.

2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన దేశపు ఆడపిల్లలు మొదటిసారి స్వర్ణం గెలిచి, ఆ వెరా మెంచిక్ కప్పు ఎత్తారు. ఆ జట్టులో మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక ఉంది. అంతకు ఎంతో ముందే, 2002లో, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆడవాళ్ళకు విడిగా ఇచ్చే బిరుదు కాదది, మగవాళ్ళకిచ్చే బిరుదే. ఆ బిరుదుకు దారి వెరా కూర్చున్నలాంటి బల్లల మధ్యనుంచే పోతుంది.

మన పిల్లల్ని పోటీలకు పంపుతాం. చివర వచ్చి మొహం వేలాడేసుకుని ఇంటికొస్తే, నీకెందుకులే ఆ ఆట అని జాలిగా అనేస్తాం. ఆడపిల్ల అయితే ఆ మాట ఇంకాస్త తొందరగా వస్తుంది. ఈసారి ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, మాస్కోలో పంతొమ్మిది ఆటలూ ఆడి లేచిన వెరాను తలుచుకుందాం. తర్వాతి పోటీ ఎప్పుడో పిల్లనే అడుగుదాం.